తడితే పలికే గుండె

1920లో ఎడువర్డ్ షాట్ అనే జర్మన్ వైద్యుడు, గుండె ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి కుప్పకూలే స్టోక్స్–ఆడమ్స్ జబ్బు గురించి రాస్తూ ఒక సంగతి నమోదు చేశాడు. నాడి అందకుండా పోయిన రోగి ఛాతీమీద పిడికిలితో ఒక్క పోటు పొడిస్తే నాడి మళ్ళీ అందింది. తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి సంఘటనలు వైద్య పత్రికల్లో చాలా వచ్చాయి. రొమ్ము ఎముకకు ఎడమ పక్కన పిడికిలి అంచుతో లయ తప్పకుండా తడుతూ, ఒక్కో తట్టుకు ఒక్కో గుండె స్పందన రప్పించి, పేస్‌మేకర్ తగిలించేదాకా రోగి ప్రాణం నిలబెట్టిన వైద్యులున్నారు. ఈ పద్ధతికి పెర్కషన్ పేసింగ్ అని పేరు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఇది ఆసుపత్రిలో, ఈసీజీ తెర ఎదురుగా, శిక్షణ ఉన్నవాళ్ళు మాత్రమే చేసే పని. ఇంట్లోనో రోడ్డుమీదో ఎవరైనా కుప్పకూలి ఊపిరి సరిగా తీసుకోకపోతే 108కి ఫోన్ చేయాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. గుద్దకూడదు.

షాట్ చేసిన పనిలో మనం పట్టుకోవలసిన ప్రశ్న ఒకటుంది. గుండె కొట్టుకునేది విద్యుత్తుతో అని బడిలోనే చదువుకున్నాం. ఈసీజీ కాగితం మీద కనిపించే గీతలు ఆ విద్యుత్తువే. పేస్‌మేకర్ చేసే పని కూడా సరైన వేళకు చిన్న విద్యుత్ ఘాతం ఇవ్వడమే. మరి పిడికిలిలో విద్యుత్తు లేదే! ఉన్నదల్లా తోపు. ఆ తోపు గుండెలో విద్యుత్తుగా ఎలా మారింది? దీనికి జవాబు దొరికితే, ఛాతీని కోయకుండా, తీగ దించకుండా, శబ్ద తరంగాలతో గుండెను నడపవచ్చునన్న ఆలోచనకు ఆధారం ఏమిటో తెలుస్తుంది.

తోపు విద్యుత్తయ్యే చోటు

గుండె పైభాగంలో, కుడి కర్ణిక గోడలో సైనస్ నోడ్ అనే చిన్న కణ సముదాయం ఉంది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దాన్ని గుర్తించారు. అంతకు ముందు ఏడాదే సునావో తవారా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు కర్ణికలకూ జఠరికలకూ మధ్యనున్న మరో నోడ్‌ను వర్ణించాడు. సైనస్ నోడ్‌లో పుట్టిన విద్యుత్ అల కర్ణికల మీదుగా ఆ రెండో నోడ్‌కు చేరి, అక్కడ క్షణకాలం ఆగి, జఠరికల్లోకి దిగుతుంది. అల చేరిన కండరం ముడుచుకుంటుంది, రక్తం ముందుకు పోతుంది. ఇలా రోజుకు సుమారు లక్షసార్లు జరుగుతుంది.

ఇప్పుడు జఠరికలోని ఒక్క కండర కణాన్నే చూద్దాం. విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలి వైపు, బయటితో పోలిస్తే సుమారు 90 మిల్లీవోల్టుల రుణ విద్యుత్తులో ఉంటుంది. కణం పొరలో అయాన్ ఛానెళ్ళనే ప్రొటీన్ ద్వారాలుంటాయి. ఏ కారణం వల్లనైనా లోపలి రుణ విద్యుత్తు కొంత తగ్గి ఒక హద్దు దాటితే సోడియం ద్వారాలు ఒక్కుమ్మడిగా తెరుచుకుంటాయి, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, కణం ఉద్రేకపడుతుంది. పక్కకణంతో దానికి నేరుగా దారులున్నాయి కాబట్టి ఆ ఉద్రేకం పక్కకు, దాని పక్కకు పాకుతూ గుండె మొత్తానికీ చేరుతుంది. అంటే గుండెను కొట్టించడానికి మొత్తం గుండెకు విద్యుత్తు పెట్టనక్కర లేదు. ఒక చోట కొన్ని కణాలను హద్దు దాటిస్తే చాలు, మిగిలినది గుండె చూసుకుంటుంది.

ఆ హద్దు దాటించడం విద్యుత్తు వల్లనే కావాలని నియమమేమీ లేదు. 1984లో ఫల్గుణి గుహరాయ్, ఫ్రెడరిక్ సాక్స్ కోడిపిల్ల కండర కణం మీద సన్నని గాజు గొట్టం ఆనించి, గొట్టంలోంచి మెల్లగా గాలి పీల్చారు. పీల్పుకు కణం పొర సాగింది. సాగినకొద్దీ ఒక రకం ఛానెళ్ళు మరింత తరచుగా తెరుచుకోవడం వాళ్ళు కొలిచి చూపించారు. లాగితే తెరుచుకునే ద్వారాలు జీవకణాల్లో ఉన్నాయని అలా తేలింది.

2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. సన్నని పిపెట్‌తో పొడిస్తే విద్యుత్ ప్రవాహం చూపించే కణాలను తీసుకుని, అనుమానం ఉన్న 72 జన్యువులను ఒక్కొక్కటే నోరు మూయించి చూశారు. చిట్టచివరి జన్యువును మూయించినప్పుడు కణానికి పొడుపు తెలియకుండా పోయింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనుకు పీజో1 అని పేరు పెట్టారు. 2021 వైద్య నోబెల్‌లో పటపూటియన్ వాటా దీనికీ, దీని జోడీ ప్రొటీను పీజో2కీ దక్కింది. లాగుడుకు, ఒత్తిడికి స్పందించే ఛానెళ్ళు గుండె కణాల్లో ఒక్క రకం కాదు, అనేక రకాలున్నాయి. కొన్ని ధన అయాన్లను లోపలికి వదులుతాయి. తగినన్ని ఒకేసారి తెరుచుకుంటే కణం హద్దు దాటుతుంది. పిడికిలి పోటు నాడి అయిన దారి ఇదే.

ఈ గుణం గుండెకు ఎందుకు? గుండె తన పనిని తానే కొలుచుకోవాలి గనక. రక్తం ఎక్కువ వచ్చి గోడ ఎక్కువ సాగితే తర్వాతి ముడుపు మరింత బలంగా ఉంటుంది. నరాల సంబంధం తెగిన గుండెలో కూడా సైనస్ నోడ్‌ను సాగదీస్తే అది వేగం పెంచుతుంది. ఈ గుణమే జబ్బుకూ దారి తీస్తుంది. చాలాకాలం అధిక ఒత్తిడికి లోనై ఉబ్బిన కర్ణిక లయ తప్పి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గజిబిజి కంపనంలోకి పోతుంది. 2001లో పరిశోధకులు కుందేలు గుండె కర్ణికను ఉబ్బించి ఆ కంపనాన్ని రప్పించారు. తర్వాత టరాంటులా సాలీడు విషం నుంచి తీసిన ఒక చిన్న ప్రొటీనుతో లాగుడు ఛానెళ్ళను మూశారు. కంపనం అణిగింది. గుండెకు స్పర్శజ్ఞానం ఉందనీ, దాని లయ కొంతవరకు ఆ స్పర్శ మీదే ఆధారపడి ఉందనీ ఇంతకంటే స్పష్టంగా చూపే ప్రయోగాలు అరుదు.

దూరం నుంచి చేసే స్పర్శ

శబ్దమంటే పదార్థంలో సాగిపోయే ఒత్తిడి. ముందు నొక్కుతుంది, వెంటనే సడలిస్తుంది. మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించి వినలేదు. అంతకు మించినది అతిధ్వని, అంటే అల్ట్రాసౌండ్. దాన్ని పుట్టించే కిటుకు 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి కనిపెట్టిన పీజో విద్యుత్తులో ఉంది. క్వార్ట్‌జ్ వంటి స్ఫటికాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుత్తు పుడుతుంది. తిరగేసి, విద్యుత్తు పెడితే స్ఫటికం కదులుతుంది. సెకనుకు పది లక్షలసార్లు విద్యుత్తు దిశ మారిస్తే పది లక్షలసార్లు కంపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల జాడ కోసం పాల్ లాంజెవాఁ ఇలాంటి స్ఫటికాలతో నీళ్ళలోకి అతిధ్వని పంపినప్పుడు పుంజానికి అడ్డొచ్చిన చేపలు చచ్చాయి, అందులో చెయ్యి పెడితే నొప్పి పుట్టింది.

శబ్దం జీవపదార్థాన్ని ఏం చేస్తుందో పట్టుదలగా పరిశీలించిన చోటు న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్‌లో ఆల్ఫ్రెడ్ లూమిస్ సొంత డబ్బుతో పెట్టుకున్న ప్రయోగశాల. ఆయనా, భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ కలిసి 1927లో తమ పరిశీలనలు ప్రచురించారు. నూనెలో ముంచిన క్వార్ట్‌జ్ పలక కంపిస్తుంటే పైన నూనె గుట్టలా లేచింది. ఆ నూనెలో ముంచిన గాజు కడ్డీని పట్టుకుంటే వేళ్ళు కాలాయి. రెండేళ్ళ తర్వాత, 1929లో, ప్రిన్స్‌టన్ జీవశాస్త్రజ్ఞుడు న్యూటన్ హార్వే కప్ప, తాబేలు గుండె కండరాలు అతిధ్వనికి ఉద్రేకపడతాయని ప్రకటించాడు. ఆనాటికి శరీరంలో అమర్చే పేస్‌మేకర్ లేదు, లాగుడు ఛానెళ్ళ పేరే ఎవరికీ తెలియదు. అందుకే ఆ పరిశీలన దశాబ్దాలపాటు పుస్తకాల్లోనే ఉండిపోయింది.

దాని విలువ తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. మెత్తని కండరంలో శబ్దం సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. సెకనుకు పది లక్షల కంపనాల శబ్దానికి తరంగదైర్ఘ్యం ఒకటిన్నర మిల్లీమీటర్లు. తరంగదైర్ఘ్యం ఎంత చిన్నదైతే పుంజాన్ని అంత చిన్న చోట కేంద్రీకరించవచ్చు. ఛాతీ మీద పెట్టిన పరికరం నుంచి గుండె గోడలో రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న చోటుకు గురిపెట్టడం సాధ్యమే. దారి పొడుగునా పుంజం పలచగా ఉంటుంది, గురి దగ్గర మాత్రమే చిక్కబడుతుంది.

గురి దగ్గర ఏం జరుగుతుంది? కండరం శబ్దాన్ని పీల్చుకుంటుంది. శబ్దానికి ద్రవ్యవేగం ఉంది కాబట్టి, పీల్చుకున్న చోట కండరం మీద ఒకే దిక్కుకు స్థిరమైన తోపు పడుతుంది. దీన్ని శబ్ద వికిరణ బలం అంటారు. ఒక వాట్ శబ్దశక్తి పూర్తిగా పీల్చుకుపోతే వచ్చే బలం సుమారు 66 మిల్లీగ్రాముల బరువు. శక్తి పదింతలైతే బలమూ పదింతలు. వినడానికి స్వల్పమే. కానీ అది కొన్ని మిల్లీమీటర్ల చోట, కొన్ని మిల్లీసెకన్ల పాటు పడితే అక్కడి కణాల పొరలు సాగుతాయి. పిడికిలి ఛాతీ మొత్తాన్నీ కుదిపితే వచ్చే ఫలితాన్ని, శబ్దం గుండె గోడలో ఎంచుకున్న ఒక బిందువు దగ్గర రప్పిస్తుంది.

మనలో చాలామందికి ఈ శబ్దంతో పరిచయం టూడీ ఎకో గదిలోనే. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమంటారు, చల్లని జెల్ రాస్తారు, ప్రోబ్‌ను పక్కటెముకల మధ్య సందులో పెట్టి అటూఇటూ వంచుతూ బొమ్మ వెతుకుతారు. ఇందులో ప్రతి పనికీ కారణముంది. గాలికీ చర్మానికీ మధ్య హద్దు దగ్గర శబ్దం దాదాపు అంతా వెనక్కి కొడుతుంది. ఆ గాలి పొరను తొలగించడానికి జెల్. ఎముక శబ్దాన్ని మింగేస్తుంది, అందుకే సందు వెతకడం. ఊపిరితిత్తి నిండా గాలే, ఎడమకు తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరగా జరుగుతుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్, హెల్ముట్ హెర్ట్‌జ్ గుండెను తొలిసారి శబ్దంతో చూసిన నాటి నుంచీ ఈ అడ్డంకులు అవే. గుండెను శబ్దంతో నడపాలనుకునేవాళ్ళూ వీటిని దాటాల్సిందే. మామూలు ఎకో పరీక్షలో గుండె లయ మారిపోతుందేమోనని ఎవరూ భయపడనక్కరలేదు. అక్కడ వాడే ధ్వని తీవ్రతకు కట్టుదిట్టమైన పరిమితులున్నాయి. గుండెను ఉద్రేకపరచే ప్రయోగాల్లోని ధ్వని వేరు, దాని తీవ్రతా, నిడివీ వేరు.

ఎప్పుడు తట్టాలి

గుండెకు స్పర్శ తెలుసు అన్నది సగం సంగతే. ఏ క్షణాన తాకామన్నది మిగిలిన సగం.

ఆటస్థలంలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి ఛాతీకి బంతి తగిలి, ఎముకకూ గుండెకూ ఏ గాయమూ లేకుండానే ప్రాణం పోయిన సంఘటనలు ఉన్నాయి. వైద్యులు దీన్ని కమోషియో కార్డిస్ అంటారు. 1998లో అమెరికాలో మార్క్ లింక్ బృందం మత్తిచ్చిన చిన్న పందుల మీద దీని గుట్టు విప్పింది. ఈసీజీలో టీ తరంగం శిఖరానికి చేరడానికి 15 నుంచి 30 మిల్లీసెకన్ల ముందు దెబ్బ తగిలితే జఠరికలు ఫిబ్రిలేషన్‌లోకి పోయాయి. ఆ క్షణంలో గుండె గోడలో కొన్ని కణాలు కోలుకుని మళ్ళీ ఉద్రేకానికి సిద్ధంగా ఉంటాయి, పక్కనున్నవి ఇంకా కోలుకోలేదు. అప్పుడు లేచిన అల తిన్నగా సాగలేక, కోలుకోని చోట్ల చుట్టూ తిరిగి సుడి పడుతుంది.

అదే దెబ్బ కణాలన్నీ విశ్రాంతిలో ఉన్నప్పుడు తగిలితే ఒక అదనపు స్పందన వచ్చి పోతుంది. కణాలింకా కోలుకోని దశలో తగిలితే ఏమీ కాదు. కిడ్నీ రాళ్ళను శరీరం బయటి నుంచే పగలగొట్టే లిథోట్రిప్సీ 1980లో మ్యూనిక్‌లో మనుషుల మీద మొదలైంది. తొలినాటి యంత్రాల్లో ఆఘాత తరంగాన్ని ఈసీజీకి ముడిపెట్టి, జఠరికలు ఉద్రేకపడిన వెంటనే, అంటే గుండె స్పందించలేని దశలోనే వదిలేవారు. లయ తప్పే ప్రమాదాన్ని తప్పించడానికే ఆ ఏర్పాటు. 1990ల తొలినాళ్ళలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డయాన్ డలెకీ, ఆమె సహచరులు కప్ప గుండెల మీద దీన్నే ఓపికగా కొలిచారు. కొన్ని మిల్లీసెకన్ల అతిధ్వని గుండె విశ్రాంతి దశలో పడితే అదనపు స్పందన వచ్చింది. ముడుపు దశలో పడితే ఆ ముడుపు బలమే తగ్గింది.

కాబట్టి శబ్దంతో గుండెను నడిపే ఏ యంత్రానికైనా మొదటి అర్హత బలం కాదు, వేళ తెలియడం. ముందు ఈసీజీని వినాలి, తర్వాత తాకాలి.

పందుల నుంచి మనుషుల దాకా

అమెరికాలో బ్రూస్ టో, రిచర్డ్ రో 2006లో పందుల్లో అతిధ్వని పేసింగ్‌ను నివేదించారు. 2014లో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ పరిశోధకులు ఎలుకల్లో శరీరం బయటి నుంచే దాన్ని చేసి చూపించారు. 2016లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం నుంచి ఫాబ్రిస్ మార్కే, ఒలివియే బెర్నస్ తదితరులు పంది గుండె మీద, బొమ్మ చూస్తూ గురిపెట్టి, ఛాతీ తెరవకుండా పేసింగ్ చేశారు. పంది గుండె పరిమాణంలో మన గుండెకు దగ్గర. అందుకే ఆ ఫలితానికి అంత విలువ.

ఈ ప్రయోగాల నుంచి ముందుగా ఆశించవలసినది జీవితాంతం గుండెను నడిపే యంత్రం కాదు. రోజుకు లక్షసార్లు, ఊపిరితో పైకీ కిందికీ కదిలే గురి మీద, తీవ్రమైన ధ్వనిని వదులుతూ పోవడం కండరాన్ని వేడెక్కించవచ్చు, దెబ్బతీయవచ్చు. ధ్వని మరీ ఎక్కువైతే కణజాలంలో బుడగలు పుట్టి పగులుతాయి. ఎకోలో బొమ్మ స్పష్టత కోసం ఎక్కించే సూక్ష్మ బుడగలున్నప్పుడు, బలమైన ధ్వనికి గురిచేస్తే మనుషుల్లో కూడా అదనపు స్పందనలు వచ్చినట్టు 2000లోనే నమోదైంది. కానీ కాసేపటి పనికి ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడవచ్చు. గుండె వేగం ప్రమాదకరంగా పడిపోయి, తొడ నుంచో మెడ నుంచో తీగ దించే వైద్యుడు వచ్చేలోగా రోగిని నిలబెట్టడం ఒకటి. ఇవాళ ఆ పనికి ఛాతీ మీద ప్యాడ్లు అంటించి చర్మం మీదుగా విద్యుత్తు పంపుతున్నారు. అది గుండెతోపాటు ఛాతీ కండరాలన్నిటినీ కొరడాతో కొట్టినట్టు ముడిచి, స్పృహలో ఉన్నవాళ్ళను బాగా బాధపెడుతుంది. రెండోది పరీక్ష. గుండె గోడలో ఏ చోటు నుంచి కొట్టిస్తే జఠరిక పని మెరుగవుతుందో, ఆపరేషన్‌కు ముందే బయటి నుంచి తాకి తెలుసుకోవడం.

మూడోదీ ఉంది. లయ తప్పే జబ్బుల్లో కొన్ని, ఒక విద్యుత్ అల గుండెలో ఒకే వలయం చుట్టూ ఆగకుండా తిరగడం వల్ల వస్తాయి. సరైన క్షణంలో వలయం దారిలో ఇంకో అల పుట్టిస్తే రెండూ ఢీకొని చల్లారతాయి. ఇవాళ శరీరంలో అమర్చే డీఫిబ్రిలేటర్లు పెద్ద షాకుకు ముందు విద్యుత్తుతో ఇదే ప్రయత్నిస్తాయి. శబ్దంతో పుట్టించిన అల కూడా ఆ పని చేయగలదని అనుకోవడానికి కారణముంది. మనుషుల్లో నిరూపణ మాత్రం ఇంకా జరగాలి.

శబ్దం మోసుకెళ్ళే విద్యుత్తు

పరిశోధనశాల దాటి ఆసుపత్రికి చేరిన పద్ధతి వేరొకటి. అందులో శబ్దం గుండెను నేరుగా తాకదు, గుండెలో నాటిన చిన్న పరికరానికి శక్తిని మోసుకెళ్తుంది.

శరీరంలో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్‌ను 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ఓకే సెన్నింగ్ అర్నె లార్సన్ అనే రోగికి పెట్టాడు. రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసిన ఆ యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. పేస్‌మేకర్ అంతగా మెరుగుపడినా దాని బలహీనత తీగలోనే ఉండిపోయింది. గుండె కొట్టిన ప్రతిసారీ తీగ వంగుతుంది, ఏడాదికి మూడున్నర కోట్లకు పైగా వంపులు. విరుగుతుంది, చోటు తప్పుతుంది, ఒక్కోసారి చీము పడుతుంది. పాతబడి గోడకు అతుక్కున్న తీగను పీకడం కష్టమైన ఆపరేషన్.

ఎడమ జఠరిక విషయంలో తీగ సమస్య ఇంకా జటిలం. గుండె బలహీనపడిన కొందరిలో ఎడమ జఠరికకు పోయే విద్యుత్ దారి దెబ్బతిని, కుడివైపు ముందు ముడుచుకుంటుంది, ఎడమ గోడ ఆలస్యంగా కదులుతుంది. బ్రహ్మోత్సవంలో తేరు తాళ్ళను ఒక పక్కవాళ్ళు ముందూ ఇంకో పక్కవాళ్ళు వెనకా లాగితే ఎంత బలం పెట్టినా తేరు ముందుకు పోనట్టే, కండరంలో బలమున్నా రక్తం సరిగా పోదు. రెండువైపులా ఒకేసారి కొట్టిస్తే గుండె తేరుకుంటుంది. ఈ చికిత్సే సీఆర్‌టీ. ఇందుకు ఎడమ జఠరిక లోపల తీగ ఉంచలేరు. ఎడమవైపు రక్తం మెదడుకు పోతుంది, తీగ మీద గడ్డ కట్టి ఊడితే పక్షవాతం. అందుకే తీగను వెనకనుంచి, గుండె సిరల్లోంచి జఠరిక బయటి ముఖానికి చేరుస్తారు. కొందరిలో ఆ సిరలు అనువుగా ఉండవు. ఈ చికిత్స చేయించుకున్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి ఆశించినంత ఫలితం దక్కడం లేదు.

అమెరికాలోని ఈబీఆర్ సిస్టమ్స్ సంస్థ తయారుచేసిన వైజ్ అనే ఏర్పాటు ఇక్కడికి శబ్దాన్ని తెచ్చింది. పెద్ద బియ్యపు గింజంత ఎలక్ట్రోడ్‌ను రక్తనాళం ద్వారా తీసుకెళ్ళి ఎడమ జఠరిక లోపలి గోడలో నాటుతారు. దానికి బ్యాటరీ లేదు, తీగ లేదు. కొన్ని వారాల్లో గుండె దాని మీద తన పొర కప్పుకుంటుంది. పక్కటెముకల సందు దగ్గర చర్మం కింద అతిధ్వని ప్రసారిణి, దానికి కలిపి పక్కన బ్యాటరీ. కుడివైపు మామూలు పేస్‌మేకర్ కొట్టిన క్షణాన్ని ప్రసారిణి పసిగడుతుంది, ఎలక్ట్రోడ్ ఉన్న దిక్కుకు పుంజాన్ని తిప్పి శబ్దం వదులుతుంది. పది సెంటీమీటర్ల దూరం దాటడానికి ఆ శబ్దానికి పట్టేది ఒక సెకనులో లక్షో వంతుకు ఆరేడు రెట్లు. గింజలోని పీజో పదార్థం శబ్దాన్ని విద్యుత్ ఘాతంగా మారుస్తుంది, ఎడమ గోడ కుడివైపుతో కలిసి ముడుచుకుంటుంది. క్యూరీ సోదరుల స్ఫటికం ఇక్కడ రెండు చివరలా పనిచేస్తోంది. ఒకచోట విద్యుత్తు శబ్దమవుతోంది, ఇంకోచోట శబ్దం విద్యుత్తవుతోంది.

దారి సాఫీగా సాగలేదు. ఛాతీ మీది నుంచి శబ్దం పంపి, గుండెలోని క్యాథెటర్ చివర దాన్ని విద్యుత్తుగా మార్చి గుండెను కొట్టించవచ్చని 2007లో హాంకాంగ్ వైద్యులు 24 మంది మీద చూపించారు. 2014లో ప్రచురించిన తొలి అమరిక అధ్యయనంలో 17 మందిలో ముగ్గురికి గుండె చుట్టూ రక్తం చేరింది. అధ్యయనం ఆపి, ఎలక్ట్రోడ్ నాటే పరికరాన్ని మార్చవలసి వచ్చింది. 2024లో ప్రచురితమైన 183 మంది అధ్యయనంలో ఆరు నెలల తర్వాత ఎడమ జఠరిక ముడుచుకున్నప్పటి పరిమాణం సగటున 16.4 శాతం తగ్గింది. ఉబ్బిన గుండె తన ఆకారానికి తిరిగి చేరుతోందనడానికి అది గుర్తు. ముఖ్యమైన చిక్కులేవీ రానివాళ్ళు 80.9 శాతం, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక చిక్కు వచ్చింది. వీళ్ళలో చాలామంది మామూలు పద్ధతి కుదరక వచ్చిన రోగులని గుర్తుంచుకోవాలి. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది.

కాల్చే శబ్దం

లయ జబ్బులకు రెండో చికిత్స, తప్పు అల పుట్టే చోటును కాల్చి మచ్చ చేయడం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను రగిలించే నిప్పురవ్వలు ఎక్కువగా ఊపిరితిత్తుల సిరల మొదళ్ళలో పుడతాయని 1998లో బోర్డోలోనే మిషెల్ హైసాగేర్ బృందం కనుక్కుంది. ఆ సిరల చుట్టూ మచ్చల వలయం వేస్తే రవ్వలు గుండెలోకి రావు. ఈ పనికి తీవ్రమైన కేంద్రీకృత అతిధ్వనిని వదిలే బెలూన్ క్యాథెటర్ తయారైంది. సిర మొదట్లో బెలూన్ ఆనించి ఒక్క విడతలో వలయం కాల్చవచ్చు.

ఎడమ కర్ణిక వెనక, దాన్ని ఆనుకునే, అన్నవాహిక ఉంది. కర్ణిక గోడ పలచనిది. శబ్దం గోడ దగ్గర ఆగకుండా దాటిపోయి అన్నవాహికను కాల్చింది. కొందరిలో రెంటికీ మధ్య రంధ్రం పడింది, ప్రాణాలు పోయాయి. ఆ పద్ధతిని మానేశారు. కోయకుండా లోపలికి పోగలగడమే శబ్దానికున్న గొప్ప గుణం. ఎక్కడ ఆగాలో చెప్పలేనప్పుడు ఆ గుణమే చంపింది. ఇప్పుడు ఈ రంగంలో పనిచేసేవాళ్ళు గురిని, వేడిని బొమ్మలో ఎప్పటికప్పుడు కొలవడం మీద అంత పట్టుబట్టడానికి కారణం ఆ మరణాలే.

తక్కువ ధ్వనికే పలికేలా

ధ్వనిని పెంచడం ప్రమాదమైతే, కణాల చెవిని పదునుపెట్టవచ్చు కదా! 2015లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో శ్రీకాంత్ చలసాని బృందం సీ ఎలిగన్స్ అనే చిన్న పురుగు నాడీకణాల్లో ఒక స్పర్శ ఛానెల్‌ను అదనంగా పెట్టి, అతిధ్వనితో ఆ కణాలను మేల్కొల్పింది. ఈ పద్ధతికి సోనోజెనెటిక్స్ అని పేరు పెట్టారు. 2022లో అదే బృందం టీఆర్‌పీఏ1 అనే మానవ ప్రొటీనుతో ఎలుక మెదడు కణాలను అతిధ్వనికి స్పందింపజేసింది. ఎంచుకున్న కొద్ది గుండె కణాల్లోకి ఇలాంటి జన్యువును పంపితే, కండరానికి హాని చేయని మెల్లని ధ్వనితో ఆ చోటునే పేస్‌మేకర్‌గా వాడుకోవచ్చన్నది ఆలోచన. కానీ ఆ ఛానెల్ శబ్దానికే కాక గుండె తన సొంత ముడుపుకూ తెరుచుకుంటే కొత్త లయ జబ్బును మనమే పుట్టించినవాళ్ళమవుతాం. జన్యువును గుండెకు మోసే వైరస్ మీద శరీరం తిరగబడవచ్చు. ఈ రెండు చిక్కులూ తీరేదాకా ఇది మనుషుల దగ్గరికి రాకూడదు.

వీటిలో ఏది నిలుస్తుందో కాలం చెబుతుంది కానీ, ఏది ఎక్కడ నిలవాలో ఇప్పుడే చెప్పవచ్చు. గింజకు శక్తి మోసే శబ్దం ఇప్పటికే కొందరు రోగులకు అందుతోంది. నేరుగా తాకే శబ్దం అత్యవసర గదిలో కొన్ని నిమిషాల ఊతంగా, ఆపరేషన్‌కు ముందు పరీక్షగా మొదట వస్తే మేలు. జన్యు మార్గం చివర రావాలి. ఈ వరుసను తారుమారు చేసి, కత్తి లేదు, తీగ లేదు, శబ్దంతోనే గుండె జబ్బు నయం అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇవాళ మీ ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ పెట్టాలని వైద్యుడు చెబితే శబ్దం కోసం ఆగకండి. తీగ ఉన్న పేస్‌మేకర్, లోపాలతోనే, కోట్లమందిలో దశాబ్దాలుగా పనిచేస్తోంది.

అయినా ఈ పరిశోధనకు డబ్బూ, ఓపికా పెట్టాలని నేను గట్టిగా అనుకుంటాను. దానికి పరికరం ఒక్కటే కారణం కాదు. వందేళ్ళుగా గుండె లయను మనం విద్యుత్తుగానే చూశాం. ఈసీజీ దాన్నే కొలుస్తుంది, మందులు ఎక్కువగా దాన్నే మారుస్తాయి. ఉబ్బిన కర్ణిక ఎందుకు లయ తప్పుతుంది, బంతి తగిలిన కుర్రాడు ఎందుకు కూలిపోతాడు అన్న ప్రశ్నలకు జవాబు గుండె స్పర్శలో ఉంది. ఆ స్పర్శను మిల్లీమీటరు చోట, మిల్లీసెకను వేళకు, కొలిచిన మోతాదులో రప్పించి చూడగల పనిముట్టు అతిధ్వని. దానితో గుండెను నడపడం ఆలస్యమైనా, లాగుడు ఎప్పుడు లయను కాపాడుతుందో, ఎప్పుడు చెడగొడుతుందో తెలిస్తే, తీగలూ శబ్దాలూ అవసరమయ్యే దాకా గుండెను పోనివ్వకుండా ఆపే మార్గం దొరుకుతుంది.